నెల్డా రాసిన ఊఁ

నెల్డా ప్రూయిట్ ముప్ఫై ఒక్క ఏళ్ళు ఇతరుల మాటలు రాసి బతికింది. ఊసుపోక చెప్పుకునే కబుర్లు కాదు, ప్రమాణం చేసి చెప్పిన మాటలు. సాక్షి దగ్గినా, లాయరు విసుక్కున్నా, ఇద్దరూ ఒకేసారి అరుచుకున్నా ఆమె వేళ్ళు ఆగడానికి వీల్లేదు. ఇరవై రెండు మీటలున్న చిన్న యంత్రాన్ని మోకాళ్ళ ముందు నిలబెట్టుకుని, ఒక్కో మాటకి మూడు నాలుగు మీటలు ఒక్కసారే నొక్కుతూ, నిమిషానికి రెండు వందల పైచిలుకు మాటలు పట్టేది. గదిలో ఉన్నవాళ్ళు ఆమె ఉందన్న సంగతే మరిచిపోయేవాళ్ళు. అలా మరిచిపోతేనే పని బాగా జరిగినట్టని ఆమె నమ్మకం.

“రోజంతా అంతమంది మాటలు విని, ఇంటికొచ్చి ఒక్క ముక్క చెప్పవేం?” అనేవాడు ఆమె మొగుడు బర్ల్, రైల్వే షెడ్డులో పనిచేసి రిటైరైనవాడు.

“చెవులు నిండిపోయి ఉంటే నోరెక్కడ పెగులుతుంది బర్ల్!” అనేది ఆమె, బూట్లు విప్పి ఒక మూలకి తన్నేస్తూ.

మా తూర్పు టెక్సస్‌లో ఆ పనికి కరువు లేదు. ఎక్కడెక్కడి పేటెంటు తగాదాలూ ఆ రోజుల్లో మా ఊరి కోర్టుకే వచ్చి పడేవి. ఎందుకొచ్చేవో నన్నడక్కండి. మా జ్యూరీలు పేటెంటున్నవాడి పక్షం అనేవారు కొందరు, మా దగ్గర కేసులు తొందరగా తెములుతాయనేవారు కొందరు. మొత్తానికి కాలిఫోర్నియాలో పుట్టిన గొడవ ఏదైనా సరే, ష్రీవ్‌పోర్ట్‌లో విమానం దిగి, అద్దె కారెక్కి మా చౌరస్తాకి రావలసిందే. మా ఊరి హోటల్లో వడ్డించే అమ్మాయికి కూడా ‘సర్వర్’ అనే మాటకి రెండో అర్థం ఒకటుందని తెలిసిపోయింది.

ఆ ఏడాది, అంటే 2011లో, కుకీల కేసొకటి వచ్చింది. మనం ఏదైనా వెబ్‌సైటు చూసినప్పుడు అది మన కంప్యూటర్లో దాచిపెట్టి పోయే చిన్న చీటీని, బిస్కట్టు పేరే పెట్టి, కుకీ అంటారు. మళ్ళీ వెళితే ఆ చీటీ చూసే మనల్ని ఆనవాలు పడుతుంది.

“ఇది మూడో కుకీ కేసు. ఒక్కసారైనా ఇంటికి రెండు తెచ్చావా?” అన్నాడు బర్ల్.

“నిన్ను అక్కడ కూర్చోబెట్టి ఆరు గంటలు వినిపిస్తే, జన్మలో మళ్ళీ ముట్టుకోవు,” అంది నెల్డా.

పేటెంటు మీద ఉన్న పేరు హోలిస్ గ్యాండీది. మా ఊరివాడే. డెబ్బై నాలుగేళ్ళు. ఒకప్పుడు మా రేడియో స్టేషన్లో యంత్రాలు చూసుకునేవాడు. ఆదివారం భజన పాటల టేపులన్నీ 1997లో కంప్యూటర్లోకి ఎక్కించి, వృద్ధాశ్రమాల్లో ఉన్నవాళ్ళు వింటారని వెబ్‌సైట్లో పెట్టాడు. పెడితే ఏమైందీ? పాట సగంలో ఉండగా నర్సు వచ్చి మందులిచ్చేది, కంప్యూటరు కట్టేసేది. మర్నాడు పాట మళ్ళీ మొదటికే. ఈ ముసలివాళ్ళకి ఎప్పుడూ పాటల మొదళ్ళే కాని చివర్లు లేవని హోలిస్‌కి బాధ కలిగింది. అందుకని ఆ చీటీలో పాట పేరు, అది ఏ నిమిషం దగ్గర ఆగిందీ, దాని వెనకాల రావలసిన పాట ఎక్కడుందీ కలిపి రాసి పెట్టే ఉపాయం చేశాడు. దానికే పేటెంటొచ్చింది.

స్టేషను మూతపడ్డాక పేటెంటు ముగ్గురి చేతులు మారింది. ఆఖరికి దక్కించుకున్న కంపెనీకి మా ఊళ్ళో పాత చెప్పుల దుకాణం పైన ఒక గది ఉండేది. తలుపు మీద పేరు, తలుపుకి తాళం, అంతే. ఆ తాళం తీసినవాణ్ణి నేనెప్పుడూ చూడలేదు. ఆ కంపెనీయే కాలిఫోర్నియాలో పాటలమ్మే పెద్ద సంస్థ మీద దావా వేసింది. గెలిచినా ఓడినా హోలిస్‌కి ఒరిగేదేమీ లేదు. ఆయనకి మిగిలింది కాగితం మీద తన పేరొక్కటే.

ఆ పేరు మీదనే కొట్టాలని చూశారు అవతలివాళ్ళు. స్టేషన్లో ట్రాయ్ బెకల్ అని అనౌన్సరొకడు ఉండేవాడు. అప్పటికి చనిపోయి ఎనిమిదేళ్ళయింది. ఆ ఉపాయం ట్రాయ్‌దని, హోలిస్ తన పేరు పెట్టుకున్నాడని వాళ్ళ వాదం. అప్పటి చట్టంలో ఆ ఒక్క ముక్క రుజువైతే చాలు, పేటెంటు చెల్లదు.

విచారణకి చాలా ముందే, జనవరిలో, ఒక లాయరు ఆఫీసు గదిలో హోలిస్ వాంగ్మూలం తీసుకున్నారు. ముందురోజు నుంచీ మంచువాన. వీడియో తీసేవాడు టైలర్ అనే ఊరు దాటి రాలేక ఫోన్‌లోనే చేతులెత్తేశాడు. “మిస్ నెల్డా రాస్తున్నారుగా, చాల్లే,” అనుకున్నారు రెండు పక్కల లాయర్లూ.

ప్రశ్నలు అడిగింది అవతలి పక్షం తరఫున డాలస్ నుంచి వచ్చిన కుర్ర లాయరు. “గ్యాండీ గారూ, తల ఊపితే ఈవిడ రాయలేరు. మూలిగితే అసలు రాయలేరు. ఔనంటే ఔను, కాదంటే కాదు. నోరు తెరిచి చెప్పాలి.”

“చెబుతాన్లే నాయనా. నాకేం పళ్ళు లేవా?” అన్నాడు హోలిస్.

అరగంట బుద్ధిగా చెప్పాడు. ఆ తరువాత మా ఊరి మగవాళ్ళందరి దారే ఆయనదీ. మా వాళ్ళు అవసరమైతే తప్ప పెదవులు విడదీయరు. ఔనంటే ఊఁ, కాదంటే ఊహూఁ. పెళ్ళి మాటలూ చావు మాటలూ కూడా దాదాపు వీటితోనే గడిపేస్తారు. నెల్డా రెండుసార్లు రాయడం ఆపి, “అది ఔనా, కాదా అండీ?” అని అడిగింది. మూడోసారి అడగబోతే కుర్ర లాయరు గడియారం చూసుకుని మొహం చిట్లించాడు. దాంతో మళ్ళీ అడగలేదు. చేతకాక కాదు, అలసిపోయి. మణికట్లకి పట్టీలు కట్టుకుని ఉంది. ఆరో గంట నడుస్తోంది.

కిటికీ అవతల మంచు బరువుకి దేవదారు కొమ్మొకటి ఫెళ్ళున విరిగింది. నెల్డా తల అటు తిరిగింది. సరిగ్గా అప్పుడే కుర్ర లాయరు అడిగాడు.

“ఆ పాటల ఆచూకీ చీటీలో కలిపి పెట్టమని ట్రాయ్ బెకల్ మీకు చెప్పాడు, అవునా?”

హోలిస్ నోరు విప్పకుండా ఏదో అన్నాడు. నెల్డా వేళ్ళు ‘ఊఁ’ అని నొక్కాయి. లాయరు కాగితం తిప్పి ఇంకో ప్రశ్నకి పోయాడు.

ఇంటికెళ్ళి మూడు వందల పేజీలు సాపు చేసింది నెల్డా. ఆ ఊఁ దగ్గర ఆగలేదు. ఎందుకాగుతుంది? అలాంటివి అందులో నలభై ఉన్నాయి. చదివి, తప్పులుంటే దిద్ది, సంతకం పెట్టడానికి హోలిస్‌కి ముప్ఫై రోజులు గడువిచ్చారు. ఆ నెలలోనే ఆయన భార్య ఐమోజీన్‌కి పక్షవాతం వచ్చింది. ఆయన ఆసుపత్రి వరండాలో నిలబడి, ఒక్క పేజీ కూడా తిప్పకుండా సంతకం గీకిచ్చేశాడు.

అక్టోబరులో విచారణ మొదలైంది. కోర్టులో ఎప్పుడూ రాసే ఆవిడ పిత్తాశయం ఆపరేషనుకి వెళ్ళడంతో, ఆ వారానికి నెల్డాని పిలిపించారు. అలా కుదిరింది ఖర్మ.

అవతలి పక్షానికి వాదించడానికి వచ్చింది వైట్‌సెల్ అనే పెద్ద లాయరు. జనవరిలో ఆ గదిలో లేడు. ఆయనకి తెలిసిందల్లా కాగితమే. జ్యూరీలో ఎనిమిది మంది కూర్చున్నారు. వాళ్ళలో ఇద్దరు హోలిస్ వెళ్ళే చర్చికే వెళతారు. రెండో వరసలో చక్రాల కుర్చీలో ఐమోజీన్.

“గ్యాండీ గారూ, జనవరిలో మిమ్మల్ని అడిగిన ప్రశ్న చదువుతాను. ‘ఆ పాటల ఆచూకీ చీటీలో కలిపి పెట్టమని ట్రాయ్ బెకల్ మీకు చెప్పాడు, అవునా?’ మీ జవాబు, ‘ఊఁ.’ సరిగ్గా చదివానా?”

“నేనలా అనలేదు సార్.”

“అనలేదా? కింద సంతకం ఎవరిది?”

“నాదే.”

“దిద్దుకోవడానికి ముప్ఫై రోజులు గడువిచ్చారా, లేదా?”

“ఇచ్చారు. మా ఆవిడకి అప్పుడు బాగా లేదు.”

“పాపం, అలాగా. ఇంకో సంతకం కూడా ఉంది చూడండి. ‘ఇది సత్యము, యథాతథము’ అని ధ్రువీకరించి, ఎన్. ప్రూయిట్ అనే ఆవిడ పెట్టింది. ఆవిడకి ఇందులో ఏమైనా లాభముందా? మీ మీద కక్షేమైనా ఉందా?”

“లేదండీ.”

“మరి అబద్ధమాడింది ఎవరు? కాగితమా, మీరా? లేక చచ్చిపోయినవాడు లేచొచ్చి అడగడని ధైర్యమా?”

ఈ మాటలన్నీ, ఒక్కటీ పోకుండా, నెల్డా రాస్తూనే ఉంది. తన పేరు కూడా తనే రాసింది. ఎన్. ప్రూయిట్ అనే ఆవిడ మూడడుగుల దూరంలో కూర్చుని ఉందని ఆ లాయరుకి తెలియదు. హోలిస్‌కి తెలుసు. ఒక్కసారి ఆమె వైపు చూశాడు. అందులో నింద లేదు. ‘నువ్వున్నావుగా, చెప్పు’ అన్నట్టుంది ఆ చూపు. రాసేవాళ్ళు కోర్టులో నోరు మెదపకూడదు. నెల్డా తల దించుకుని, ‘సాక్షి జవాబు చెప్పలేదు’ అని రాసింది. జ్యూరీలో, హోలిస్ చర్చికే వెళ్ళే ఇద్దరిలో ఒకావిడ, కోటుకి చర్చి బిళ్ళ పెట్టుకున్నావిడ, ముఖం పక్కకి తిప్పుకుంది.

ఐదింటికి ఇంటికి చేరి, బూట్లు కూడా విప్పకుండా, నెల్డా కంప్యూటరు తెరిచింది. ఆమె యంత్రంలో చిన్న మైకొకటి ఉంది. అనుమానమొస్తే సరిచూసుకోవడానికి సొంతంగా పెట్టుకున్నది. అది కోర్టుదీ కాదు, లాయర్లదీ కాదు. ఉందని కూడా ఎవరికీ తెలియదు. జనవరి రికార్డు వెతికి, ఆరో గంట దగ్గర పెట్టి, విన్నది. మళ్ళీ విన్నది.

“బర్ల్, ఇలా రా. ఇది విని, ఈయనేమన్నాడో చెప్పు.”

పొయ్యి మీద అలసందలు కలుపుతున్న బర్ల్ గరిటతోనే వచ్చాడు. కొమ్మ విరిగిన చప్పుడు, దాని వెనకాలే హోలిస్ గొంతు.

“ఊహూఁ అన్నాడు. ఇందులో తెలియకపోవడానికేముంది?”

“నేను ఊఁ అని రాశాను.”

“ఇది ఎవరికైనా తెలుసా?” అన్నాడు బర్ల్.

“నీకూ నాకూ.”

“అయితే ఊరుకో. రెండేళ్ళలో ఎలాగూ మానేస్తావు. ముప్ఫై ఏళ్ళ మంచి పేరు ఒక్క మూలుగు కోసం గంగలో కలుపుకుంటావా?”

“నా పేరు సరే. ఆయన పేరో?”

“ఆయనకి పోయేదేముంది? కేసు కంపెనీదిగా!”

“నీకు ఎదురుగా నిలబడి ఊరి జనం మధ్య దొంగా అంటే, పోయేదేముందని ఇంటికొచ్చి అలసందలు తింటావా?” అంది నెల్డా. ఆ ఇంట్లో ఆమె గొంతు అంత పైకి లేవడం బర్ల్ ఎప్పుడూ వినలేదు. గరిట పట్టుకుని వచ్చిన దారినే వెళ్ళాడు. కాసేపటికి అక్కణ్ణుంచే, “పొద్దున్నే నేను దింపుతాలే. ఆ చేతుల్తో నువ్వు కారు నడపకు,” అన్నాడు.

మర్నాడు ఎనిమిదింటికి నెల్డా జడ్జిగారి గదిలో నిలబడి, జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆయన అడ్డు రాకుండా విన్నాడు.

“కూర్చో నెల్డా. ఆరున్నరకి నాకు ఫోనొచ్చింది. రెండు పక్షాలూ రాజీ పడ్డాయి. కేసు లేదు.”

“మరి రికార్డు?”

“సవరణ కాగితం రాసి సంతకం పెట్టివ్వు. ఫైల్లో పెట్టిస్తాను.”

“అది ఎవరు చదువుతారండీ?”

జడ్జిగారు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. ఆయనా అలసిపోయే ఉన్నాడు.

“నిన్న జ్యూరీ విన్నారు సార్. వాళ్ళకి మీరు చెప్పండి.”

“కేసే లేనప్పుడు నేనేం చెప్పను? ఇప్పుడే థాంక్స్ చెప్పి పంపించాను. వాళ్ళిప్పుడు జ్యూరీ కాదు, మామూలు మనుషులు.”

మామూలు మనుషులైతే మాట్లాడొచ్చుగా! నెల్డా మెట్లు దిగి, కార్లు నిలిపే చోటికి దాదాపు పరిగెత్తింది. నలుగురు అప్పటికే వెళ్ళిపోయారు. మిగిలిన నలుగురూ తాళాలు వెతుక్కుంటున్నారు.

“ఒక్క నిమిషం ఆగండి.”

“ఓరి దేవుడా, ఈవిడకి మాటలొచ్చా!” అన్నాడు కోళ్ళ దాణా అమ్మే ఆయన.

నెల్డా చెప్పింది. తప్పు తనదని, ముసలాయన ఊహూఁ అన్నాడని, తాను ఊఁ అని రాశానని. వింటూ వింటూ దాణా ఆయన తన ట్రక్కు వైపు చూసుకున్నాడు.

“మేమేదీ తేల్చనేలేదు గదమ్మా. వదిలెయ్ ఇంక. నాలుగు రోజుల్నుంచీ దుకాణం మూసుకుని కూర్చున్నా.”

చర్చి బిళ్ళ పెట్టుకున్నావిడ, “అయితే హోలిస్ దొంగ కాదన్నమాట. మంచిదే,” అని కారు తలుపేసుకుంది.

మంచిదేనట! నిన్న ముఖం తిప్పుకున్న మనిషి, వెనక్కొచ్చి ఆయనతో ఒక్క మాట చెబితే సొమ్మేం పోయింది? కారు కదిలి వెళ్ళిపోయింది. మా ఊరి జనం చెడ్డవాళ్ళు కారు, తొందరలో ఉన్నవాళ్ళు, అంతే. అదే ఒక్కోసారి నాకు అరికాలి మంట నెత్తికెక్కిస్తుంది.

నెల్డా సంగతి ఏమైందో కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఆ మధ్యాహ్నమే సవరణ కాగితం రాసిచ్చింది. లైసెన్సు ఇచ్చే బోర్డుకి తనంతట తనే ఉత్తరం రాసింది. వాళ్ళు మందలించి వదిలేశారు, పని మానమని ఎవరూ అనలేదు. అయినా ఆమె ఆ యంత్రాన్ని మళ్ళీ పెట్టెలోంచి తీయలేదు. ఎవరి మాట రాయబోయినా నిజంగా అలాగే అన్నాడా అని అనుమానం వచ్చేదట. అనుమానంతో ఆ పని చేయలేరు.

ఇంతకీ ఆ పొద్దున హోలిస్ కోర్టు వరండాలో బల్ల మీద కూర్చుని ఉన్నాడు. టోపీ ఒళ్ళో ఉంది. రాజీ సంగతి గుమాస్తా చెప్పాడట. కంపెనీవాళ్ళెవరూ పలకరించలేదు. నెల్డా పక్కన కూర్చుని అంతా చెప్పింది. రికార్డు తన దగ్గరుందని కూడా చెప్పింది.

“నేనేమన్నానో నాకు తెలుసులే,” అన్నాడాయన.

“తప్పు నాది, గ్యాండీ గారూ. జ్యూరీవాళ్ళకి చెప్పాను. దొరికినవాళ్ళకి.”

“వాళ్ళతో నాకేం పని మిస్ నెల్డా? లాయర్లు ఏమన్నా పడతాను, అది వాళ్ళ వృత్తి. నిన్న ఇంటికెళ్ళాక ఐమోజీన్ అడిగింది.”

“ఏమని?”

“‘ట్రాయ్ చెప్పాడా హోలిస్?’ అని.” ఆయన టోపీ అంచు వేళ్ళతో ఒకసారి చుట్టూ తడిమాడు. “ఆ రోజుల్లో వంటింటి బల్ల మీద కంప్యూటరు పెట్టుకుని నేను తంటాలు పడుతుంటే, పక్కన కూర్చుని పాటల పేర్లు చదివి పెట్టింది తనే. నలభై ఎనిమిదేళ్ళ కాపురం. కాగితంలో ఉందనేసరికి తనకీ అనుమానం వచ్చింది.”

నెల్డా వెంట తెచ్చిన కంప్యూటరు సంచి ఒళ్ళోకి లాక్కుంది.

“ఇంటికొస్తావా? తనొక్కదానికే వినిపించు. చాలు,” అన్నాడు.

బర్ల్ కారులోనే ముగ్గురూ వెళ్ళారు. ఐమోజీన్ ముందుగదిలో కిటికీ దగ్గర ఉంది. కుడిచెయ్యి ఒళ్ళో పడి ఉంది. మాట ఒక పక్క పెదవి నుంచే వస్తుంది. నెల్డా ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చుని, “అమ్మా, నిన్న కోర్టులో చదివింది తప్పు. రాసింది నేనే. అసలు గొంతు వినండి,” అని కంప్యూటరు తెరిచింది.

లాయరు ప్రశ్న. విరిగిన కొమ్మ. హోలిస్.

“మళ్ళీ పెట్టు,” అంది ఐమోజీన్. నెల్డా మళ్ళీ పెట్టింది. ఇంకోసారి పెట్టమంది. మూడోసారి ఆమె రికార్డు వినలేదు, గుమ్మం దగ్గర నిలబడ్డ మొగుణ్ణే చూస్తూ కూర్చుంది.

“ఆయన ఊహూఁ నాకు తెలియదా? రోజుకి వందసార్లు వింటాను. కాగితంలో ఉందన్నారు. కోర్టులో చదివారు. నిజమేమో అనుకున్నాను,” అంది. ఒక్కో మాటకీ ఆయాసపడుతూ, నీళ్ళు ఒక కంటి నుంచే కారుతుండగా, “నిన్న నేనా మాట అడక్కుండా ఉండాల్సింది, హోలిస్,” అంది.

“అడిగావుగా,” అన్నాడు హోలిస్. కోపంగా అనలేదు. దగ్గరకొచ్చి జేబురుమాలుతో ఆమె చెంప తుడిచాడు. ఆమె ఎడమచెయ్యి చాచింది. ఆయన అది చూసి కూడా పట్టుకోలేదు. దుప్పటి ఆమె మోకాళ్ళ మీదికి లాగి సర్ది, మందుల వేళయిందని లోపలికి వెళ్ళాడు.